2,300 ఆస్ట్రేలియా ఫొటోలు: కెమెరా టైమ్ తప్పింది. వరస కుదర్చడం, ఇంటికి పంపడం ఎలా?

పొన్నూరు_బస్సు అడిగారు:

నాలుగు ఊళ్ల ఫొటోలు, అన్నీ 2026లో తీసినవి. మార్చి 27 నుంచి 31 సిడ్నీ, ఏప్రిల్ 1 నుంచి 6 మెల్‌బోర్న్, 7 నుంచి 9 బ్రిస్బేన్, 10 నుంచి 13 పెర్త్. ఒక ఐఫోన్, ఒక ఆండ్రాయిడ్ ఫోన్, ఒక 24 మెగాపిక్సెల్ కెమెరా. మొత్తం 2,300 దాకా ఉన్నాయి, 13 జీబీ. అందులో కెమెరావి 900, అన్నీ జేపెగ్ ఫైల్సే.

కెమెరా గడియారం మొదటినుంచి చివరిదాకా ఇండియా టైమ్‌లోనే ఉంది. ఫోన్లు వాటంతటవే మారాయి. మూడూ ఒకే ఫోల్డర్లో వేస్తే, సాయంత్రం ఆరున్నరకి కెమెరాతో తీసిన ఆపెరా హౌస్ వెళ్లి ఒంటిగంట భోజనం ఫొటోల మధ్య కూర్చుంటోంది.

తెలియాల్సినవి ఇవి:
1. వరస ఎలా కుదర్చాలి? అన్నిటికీ ఒకే లెక్క కలిపితే సరిపోతుందా?
2. గుంటూరులో అమ్మానాన్నలు టీవీలోనూ వాట్సాప్‌లోనూ చూస్తారు. హైదరాబాద్‌లో తమ్ముడికి 12×18 ప్రింట్లు, ఒక ఆల్బమ్ చేయించడానికి కావాలి. ఇద్దరికీ ఒకటే పంపొచ్చా?
3. సిడ్నీలో సర్క్యులర్ కీ వైపు నుంచి మధ్యాహ్నం తీసినవి మసకగా ఉన్నాయి. అదే రోజు మిల్సన్స్ పాయింట్ నుంచి తీసినవి తళతళలాడుతున్నాయి. కారణమేంటి, సర్దడానికి వీలుందా?
4. ఓ పాతిక ఫొటోలు అందరికీ కనిపించేలా పెట్టాలని ఉంది. వాటిలో మెల్‌బోర్న్ హోసియర్ లేన్ గోడ బొమ్మలు, బీచ్‌లో మనుషులు ఉన్నారు. ఏమైనా ఇబ్బందా?

---

లోలకం:

ముందు టైమ్ తేల్చండి. పేర్లు మార్చడం, ఏరడం, ఆల్బమ్ అన్నీ ఆ తర్వాతే. ఏరేశాక టైమ్ సర్దితే, పక్కన పడేసిన వాటిలోంచి రేపు ఒకటి కావాల్సి వచ్చినప్పుడు అది పాత టైమ్‌తో వచ్చి వరసలో తప్పుడు చోట దూరుతుంది.

ఒకే లెక్క సరిపోదు. మీకు కలపాల్సిన తేడాలు మూడు, అందులో ఒకటి ఊరు మారకుండానే మారింది. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్, మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రాల్లో డేలైట్ సేవింగ్ (వేసవిలో గడియారం గంట ముందుకు జరపడం) అక్టోబరు మొదటి ఆదివారం మొదలై ఏప్రిల్ మొదటి ఆదివారం ముగుస్తుంది. 2026లో ఆ ఆదివారం ఏప్రిల్ 5. ఆ తెల్లవారుజామున మూడింటికి గడియారాలు రెండుకి వెనక్కి వెళ్లాయి. అప్పుడు మీరు మెల్‌బోర్న్‌లో ఉన్నారు. బ్రిస్బేన్ ఉన్న క్వీన్స్‌లాండ్‌లో, పెర్త్ ఉన్న వెస్ట్రన్ ఆస్ట్రేలియాలో ఈ గొడవ అసలు లేదు.

మెల్‌బోర్న్‌లో ఆ తెల్లవారుజాము మూడంటే మన టైమ్ ప్రకారం ఏప్రిల్ 4 రాత్రి 9:30. కాబట్టి ఫొటోల మీద కెమెరా వేసిన టైమ్ చూసి ఇలా విడగొట్టండి:

మొదటినుంచి ఏప్రిల్ 4 రాత్రి 9:30 దాకా ఉన్నవాటికి 5 గంటల 30 నిమిషాలు కలపాలి.
ఆ తర్వాతి మెల్‌బోర్న్ ఫొటోలకీ, బ్రిస్బేన్ మొత్తానికీ 4 గంటల 30 నిమిషాలు.
పెర్త్‌కి 2 గంటల 30 నిమిషాలు.

సరిగ్గా కుదిరిందో లేదో తెలియాలంటే సూర్యాస్తమయం ఫొటోలు చూడండి. మెల్‌బోర్న్‌లో ఏప్రిల్ 4న పొద్దు గూకింది గడియారం లెక్కన ఏడు ప్రాంతంలో, 5న ఆరు ప్రాంతంలో. రెండు రోజులూ ఏడే చూపిస్తుంటే రెండో ముక్కకి గంట ఎక్కువ కలిపారన్నమాట.

బ్రిస్బేన్ నుంచి పెర్త్ విమానంలో కిటికీలోంచి తీసినవి విడిగా చూసుకోండి. పడమటికి పోతున్నారు, గడియారం రెండు గంటలు వెనక్కి పోతుంది. అన్నిటికీ బ్రిస్బేన్ టైమ్ పెడితే దిగేటప్పటి ఫొటోలు పెర్త్ ఎయిర్‌పోర్టు ఫొటోల తర్వాత వస్తాయి. అన్నిటికీ పెర్త్ టైమ్ పెడితే ఎక్కేటప్పటివి బ్రిస్బేన్ ఎయిర్‌పోర్టు కంటే ముందు వస్తాయి. ఎక్కేటప్పటివి బ్రిస్బేన్ లెక్కలో, దిగేటప్పటివి పెర్త్ లెక్కలో ఉంచేయండి, గొడవ వదిలిపోతుంది. ఫ్లైట్ మోడ్‌లో ఉన్న ఫోన్లు కూడా దిగేదాకా పాత టైమే వేస్తాయి, వాటినీ ఒకసారి చూడండి.

ఇక దేంతో మార్చాలి. అసలు ఫైల్స్ రెండు చోట్ల కాపీ చేశాకే మొదలుపెట్టండి.

ఫొటోలు సర్దే లైట్‌రూమ్ క్లాసిక్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే: టైమ్ మార్చే పెట్టెలో 'గంటలు జరుపు' అన్న ఎంపికలో పూర్తి గంటలే ఉంటాయి, మన అరగంట ఉండదు. దాన్ని వదిలేసి, ఫలానా తేదీ ఫలానా సమయం అని నేరుగా రాసే ఎంపిక తీసుకోండి. ఒక గుంపు మొత్తం సెలెక్ట్ చేసి, పైకి కనిపిస్తున్న ఆ ఒక్క ఫొటోకి సరైన టైమ్ కొడితే, మిగతావన్నీ అంతే మేర జరుగుతాయి.

డబ్బు పెట్టక్కర్లేనివి కావాలంటే డిజికామ్ ఉంది, అందులో టైమ్ సర్దే సాధనంలో గంటలు, నిమిషాలు విడివిడిగా ఇవ్వొచ్చు. కమాండ్ లైన్ (ఆదేశాలు టైప్ చేసి నడపడం) భయం లేకపోతే ఎగ్జిఫ్‌టూల్ అన్నిటికంటే వేగం. అది పాత ఫైల్‌ని పేరు చివర ఒక తోక తగిలించి పక్కనే ఉంచుతుంది. పని సరిగ్గా అయ్యిందని చూసుకున్నాకే ఆ పాతవి తీసేయండి.

గూగుల్ ఫొటోస్‌లో కంప్యూటర్ నుంచి ఒకేసారి బోలెడన్నిటికి తేదీ జరపొచ్చు. కానీ అక్కడ మార్చింది అక్కడికే. ఫైల్ లోపల రాసి ఉన్న తేదీ మారదు, డౌన్‌లోడ్ చేస్తే మళ్లీ ఇండియా టైమే వస్తుంది. మీ తమ్ముడికి ఫైల్స్ ఇవ్వాలి కాబట్టి ఆ దారి మీకు పనికిరాదు.

గంటలు కుదిరాక నిమిషాల సంగతి. కెమెరా గడియారం ఏడాదిలో రెండు మూడు నిమిషాలు అటూఇటూ పోవడం మామూలే. ఫ్రేమ్‌లో గడియారం పడిన ఫొటో ఏదైనా వెతకండి. మెల్‌బోర్న్ వెళ్లినవాళ్ల దగ్గర ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ గడియారాలు ఉండకుండా ఉండవు, దాంతో పోల్చుకోండి.

చివరగా ఫైల్ పేర్లు. సంవత్సరం, నెల, రోజు, గీత, గంట, నిమిషం, సెకను: 20260329-183012 ఇలా. వెనకాల కెమెరాకి 1, ఐఫోన్‌కి 2, ఆండ్రాయిడ్‌కి 3. పేర్లో తెలుగు అక్షరాలు వద్దు, చాలా టీవీలు వాటిని డబ్బాలుగా చూపిస్తాయి.

---

యర్రా_గట్టు:

లోలకం గారు చెప్పినదాంట్లో ఒక్కటి సరిదిద్దాలి. ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ గుమ్మం పైన వరసగా కనిపించే గడియారాలు ఇప్పటి టైమ్ చూపించవండీ. ఒక్కో లైన్లో తర్వాతి రైలు ఎన్నింటికి బయల్దేరుతుందో చూపిస్తాయి. అందరూ ఫొటో తీసేది వాటినే, వాటితో పోలిస్తే ఒక్కో గడియారం ఒక్కో లెక్క చెబుతుంది. అదే భవనానికి ఎలిజబెత్ స్ట్రీట్ కొసన గడియార స్తంభం ఉంది, అది ఫ్రేమ్‌లో ఉంటే వాడుకోండి. సిడ్నీలో సెంట్రల్ స్టేషన్ స్తంభం, బ్రిస్బేన్‌లో సిటీ హాల్ స్తంభం కూడా పనికొస్తాయి.

అవేవీ లేకపోతే ఒకే క్షణం ఫోన్లోనూ కెమెరాలోనూ పడిన దృశ్యం వెతకండి. ట్రామ్ నంబరు, ఫెర్రీ పేరు రెండింట్లోనూ కనిపిస్తే నిమిషం తేడాతో పట్టేయొచ్చు.

---

లోలకం:

నిజమే, గుమ్మం మీదివి బయల్దేరే టైములే. స్తంభం అనాల్సింది. ధన్యవాదాలు.

---

నీరెండ:

మూడో ప్రశ్నకి జవాబు. తప్పు కెమెరాది కాదు, మీరు నిలబడ్డ దిక్కుది.

ఆస్ట్రేలియా పెద్ద నగరాల్లో మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. మార్చి చివర్లో గుంటూరులో పన్నెండింటికి ఎండ దాదాపు నెత్తిమీద ఉంటుంది, ఎటు తిరిగి తీసినా పెద్ద తేడా తెలియదు. సిడ్నీలో అదే రోజుల్లో సూర్యుడు అన్నిటికంటే పైకెక్కినప్పుడు కూడా 53 డిగ్రీల ఎత్తులో, ఉత్తరం వైపు ఉంటాడు. జూన్ నెలాఖరుకి 33 డిగ్రీలకి దిగిపోతాడు. సర్క్యులర్ కీ నుంచి బ్రిడ్జి వైపు తిరిగితే మీరు చూసేది ఉత్తరం, అంటే ఎండకి ఎదురు. మిల్సన్స్ పాయింట్ నీటికి అవతలి గట్టు. అక్కడినుంచి సిటీ వైపు చూస్తే ఎండ మీ వీపు మీద, వెలుగంతా భవనాల మీద.

ఇదే లెక్క మిగతా చోట్లకీ పనిచేస్తుంది. ఫొటోలు ఏరేటప్పుడు ఒకే చోట తీసిన వందలో ఏ పూటవి ఉంచాలో ముందే తెలిసిపోతుంది. సిడ్నీలోనే మిసెస్ మెక్వారీస్ చెయిర్ నుంచి ఆపెరా హౌస్, బ్రిడ్జి రెండూ కలిపి చూడటమంటే పడమటికి చూడటం. పొద్దున తీసినవాటిలో వివరం ఉంటుంది, సాయంత్రంవి నల్లటి ఆకారాలు, వెనక రంగుల ఆకాశం. రెండూ బాగుంటాయి, కానీ పన్నెండు మూడు మధ్య తీసినవి నిర్దాక్షిణ్యంగా తీసేయొచ్చు. మెల్‌బోర్న్ సౌత్‌బ్యాంక్ నుంచి యర్రా నది మీదుగా సిటీ వైపు తీసినవీ మధ్యాహ్నం ఎండకి ఎదురే. ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ ముఖం మాత్రం ఉత్తరానికి, పగలంతా వెలుగు పడుతుంది. బ్రిస్బేన్‌లో కంగారూ పాయింట్ కొండగట్టు సిటీకి తూర్పున ఉంది, అక్కడివి పొద్దుటివి ఉంచండి. పెర్త్ కింగ్స్ పార్క్ సిటీకి పడమర, అక్కడివి సాయంత్రంవి ఉంచండి.

మసకబారినవాటిని కొంత సర్దొచ్చు. ఎడిటింగ్ యాప్‌లో ముందు హైలైట్స్ (వెలుగు భాగాలు) 40 నుంచి 60 తగ్గించి, షాడోస్ (చీకటి భాగాలు) 25 నుంచి 35 పెంచి, డీహేజ్ (మసక తగ్గించేది) 10 నుంచి 15 ఇచ్చి చూడండి. షాడోస్ 60, 70కి లాగితే జేపెగ్‌లో చీకటి భాగాలు ఇసక చల్లినట్టు అవుతాయి, బ్రిడ్జి ఉక్కు ఊదారంగుకి తిరుగుతుంది. ఆకాశం పూర్తిగా తెల్లబడిపోతే జేపెగ్‌లో అక్కడ సమాచారమే ఉండదు, ఏ స్లయిడరూ తెచ్చిపెట్టదు. అలాంటివాటిలో ఆకాశం కత్తిరించి, నీళ్లు, ఫెర్రీ, మనుషులు ఉంచేలా కోసుకోండి.

ఆపెరా హౌస్ గురించి ఒక మాట. ఆ తెరచాపల మీద పది లక్షల పైచిలుకు పెంకులు ఉన్నాయి, లెక్కగా 10,56,006. అవి కాగితం తెలుపు కాదు. మెరిసే తెలుపు, మెరవని మీగడ రంగు, రెండు రకాలు కలిపి పరిచారు. తెలుపు కదా అని ఎక్స్‌పోజర్ పెంచితే ఆ రెండు రంగుల అల్లిక మాయమై ప్లాస్టిక్ బొమ్మలా తయారవుతుంది. అన్నిటికంటే వెలుగున్న చోట కూడా వెలుగు విలువ గరిష్ఠమైన 255కి పోకుండా 240 దగ్గర ఆపండి. ఆటో వైట్ బ్యాలెన్స్ నీలానికి లాగి ఉంటే కాస్త పసుపు వైపు జరపండి, మీగడ రంగు తిరిగొస్తుంది.

---

పెన్‌డ్రైవ్_ప్రసాదం:

రెండో ప్రశ్న. ఇద్దరికీ ఒకటే పంపొద్దు. అమ్మానాన్నలకి సులువు కావాలి, తమ్ముడికి పిక్సెల్స్ కావాలి. ఒకదాంతో రెండూ కుదరవు.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో పొడుగు వైపు 1,600 పిక్సెల్స్ దగ్గరికి కుదించుకుపోతుంది. పంపే ముందు హెచ్‌డీ గుర్తు నొక్కితే అంతకంటే చాలా మెరుగు. సెట్టింగ్స్‌లో స్టోరేజీ కింద మీడియా అప్‌లోడ్ క్వాలిటీ హెచ్‌డీకి మార్చేస్తే ప్రతిసారీ నొక్కక్కర్లేదు. డాక్యుమెంట్‌గా పంపితే అసలు ఫైల్ చెక్కుచెదరకుండా పోతుంది, తీసిన తేదీ, చోటు కూడా లోపలే ఉంటాయి. అయితే డాక్యుమెంట్‌గా వచ్చిన ఫొటో ఫోన్ గ్యాలరీలో కనపడదు. 'ఫొటోలు రాలేదురా' అని పెద్దవాళ్లు ఫోన్ చేసేది అందుకే. అమ్మానాన్నలకి హెచ్‌డీ ఫొటోలుగా, ఊరికి ఆరేడు చొప్పున పంపండి. రెండువందలు ఒక్కసారి గుమ్మరిస్తే మొదటి పది చూసి వదిలేస్తారు, వాళ్ల ఫోన్ నిండిపోతుంది కూడా.

టీవీకి పెన్‌డ్రైవ్. 32 జీబీది చాలు, ఫ్యాట్32గా ఫార్మాట్ చేయండి, పాత టీవీలు కూడా చదువుతాయి. ఐఫోన్ ఫొటోలు హెచ్‌ఈఐసీ రకంలో ఉంటే చాలా టీవీలు వాటిని గుర్తించవు, జేపెగ్‌కి మార్చాలి. మార్చేటప్పుడు 'ప్రోగ్రెసివ్' అన్న చోట టిక్కు ఉంటే తీసేయండి. ప్రోగ్రెసివ్ జేపెగ్ కంప్యూటర్లో చక్కగా తెరుచుకుంటుంది, కొన్ని టీవీల్లో మాత్రం నల్ల తెర లేదా 'ఈ ఫైల్ చదవలేను' అని వస్తుంది. కారణం తెలియక పెన్‌డ్రైవ్ పాడైందనుకుంటారు. సైజు 3840×2160 దాటక్కర్లేదు, మామూలు హెచ్‌డీ టీవీ అయితే 1920×1080 చాలు.

నిలువు ఫొటోలకి టీవీలో రెండువైపులా నల్ల పట్టీలు వస్తాయి. రెండు నిలువు ఫొటోలు పక్కపక్కన పెట్టి ఒక అడ్డ ఫొటోగా చేస్తే సగం బాధ తప్పుతుంది. ఒక్కో ఊరికి ముందు తెలుగులో ఊరి పేరు, తేదీలు రాసిన ఒక బొమ్మ పెట్టండి. అక్షరాలు 1080 ఎత్తున్న బొమ్మలో 60 పిక్సెల్స్‌కి తగ్గకూడదు, సోఫాలోంచి చదవాలి మరి. చాలా టీవీలు ఫైల్ పేరు వరసలోనే చూపిస్తాయి కాబట్టి ఆ బొమ్మకి కూడా అంకెల పేరే ఇవ్వండి, ఆ ఊరి మొదటి ఫొటో కంటే ఒక సెకను ముందుండేలా. మొత్తం 120 ఫొటోలు, ఒక్కోటి ఆరు సెకన్లు, పన్నెండు నిమిషాలు. అంతకు మించితే టీ పెట్టడానికి లేస్తారు.

తమ్ముడి సంగతి. 12×18 అంగుళాల ప్రింటుకి అంగుళానికి 300 చుక్కల లెక్కన 3600×5400 పిక్సెల్స్ కావాలి. మీ 24 మెగాపిక్సెల్ కెమెరా ఫైల్ 6000×4000, అంగుళానికి 333 వస్తుంది, దిగుల్లేదు. 12 మెగాపిక్సెల్ ఫోన్ ఫొటో 4032×3024 అయితే 224 వస్తుంది, గోడకి తగిలించడానికి బాగానే ఉంటుంది. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన 1,600 పిక్సెల్స్‌దైతే 89. దగ్గరికెళ్తే మొహాలు మైనం బొమ్మల్లా ఉంటాయి.

ప్రింట్లలో ఎక్కువగా జరిగే పొరపాటు ఆకారానిది. ఫోన్ ఫొటో 4:3, ప్రింటు 3:2. ల్యాబ్‌లో నింపేసి కొడితే ఎత్తులో తొమ్మిదో వంతు పోతుంది. తల మీద ఖాళీ వదలని ఫొటోల్లో ఆ తొమ్మిదో వంతు మనిషి నుదురే అవుతుంది. మీరే 3:2కి కోసి పంపండి. ఐఫోన్ ఫొటోలు ఎక్కువ రంగులున్న డిస్‌ప్లే పీ3 ప్రొఫైల్లో ఉంటాయి. ల్యాబ్ దాన్ని పట్టించుకోకపోతే ఎరుపులు, నారింజలు చప్పబడతాయి. పంపేముందు మామూలు ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్‌కి మార్చండి.

ఆల్బమ్ తెరిస్తే కనిపించే రెండు పేజీలు కలిపి 12×36 అంగుళాలైతే ఆకారం 3:1. మిల్సన్స్ పాయింట్ నుంచి ఫోన్ పనోరమా తీసి ఉంటే దానికి సరిగ్గా సరిపోతుంది. మడత సరిగ్గా మధ్యలో పడుతుంది కాబట్టి ఆపెరా హౌస్ శిఖరమో మనిషి మొహమో అక్కడ రాకుండా కాస్త పక్కకి జరపండి.

ఫైల్స్ చేరవేయడానికి గూగుల్ ఫొటోస్ షేర్డ్ ఆల్బమ్ వాడొచ్చు కానీ రెండు జాగ్రత్తలు. ఉచితంగా వచ్చే 15 జీబీ జీమెయిల్‌తో కలిపి. మీవి 13 జీబీ, మెయిల్ నిండుగా ఉంటే మధ్యలో ఆగిపోతుంది. చోటు కలిసొస్తుందని స్టోరేజ్ సేవర్ పెడితే 16 మెగాపిక్సెల్స్ దాటినవి 16కి కుదిస్తుంది, మీ కెమెరావన్నీ ఆ దెబ్బ తింటాయి. ఒరిజినల్ క్వాలిటీలోనే ఎక్కించండి. నన్నడిగితే ప్రింటుకి ఏరిన యాభై ఫైల్స్ గూగుల్ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్లో పెట్టి లింకు ఇవ్వడం నయం. 2,300 ఆయన మాత్రం ఏం చేసుకుంటారు.

---

పొన్నూరు_బస్సు:

అందరికీ ధన్యవాదాలండీ. ఎగ్జిఫ్‌టూల్‌తో మూడు ముక్కలుగా జరిపాను. కంప్యూటర్ ఫోల్డర్లో వరస చక్కగా కుదిరింది. సూర్యాస్తమయం లెక్క కూడా సరిపోయింది. కానీ అవే ఫైల్స్ ఫోన్లో గ్యాలరీ యాప్‌కి ఎక్కిస్తే కెమెరా ఫొటోలు మళ్లీ తప్పు టైమ్ చూపిస్తున్నాయి. సరిగ్గా అయిదున్నర గంటల తేడా. ఎక్కడ తప్పింది?

---

లోలకం:

తేదీ మారింది, దాని పక్కనే ఉన్న టైమ్‌జోన్ గీత మారలేదు. ఈమధ్య కెమెరాలు టైమ్‌తో పాటు 'ఇది యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయానికి) ఇంత ముందు' అని ఇంకో చోట రాస్తాయి. మీ ఫైల్స్‌లో అక్కడ ఇంకా +05:30 అనే ఉంది. కంప్యూటర్ ఫోల్డర్ ఆ గీతని చూడదు. కొన్ని ఫోన్ యాప్‌లు చూస్తాయి: 'సాయంత్రం ఆరున్నర, ఇండియా లెక్కన' అని చదివి, దాన్ని సిడ్నీ టైమ్‌కి మార్చి అర్ధరాత్రి చేస్తాయి.

అదే మూడు గుంపులకి ఆ గీతలు కూడా మార్చండి. డేలైట్ సేవింగ్ ముగిసేదాకా ఉన్న గుంపుకి +11:00, తర్వాతి మెల్‌బోర్న్, బ్రిస్బేన్‌లకి +10:00, పెర్త్‌కి +08:00. ఇలాంటి గీతలు మూడు ఉంటాయి: ఫొటో తీసినప్పటిది, ఫైల్‌గా మారినప్పటిది, చివరిసారి మార్చినప్పటిది. మూడూ ఒకేలా పెట్టండి. టైమ్‌ని మాత్రం మళ్లీ జరపొద్దు, ఒకసారి జరిగిపోయింది. ఫోన్లోంచి పాత కాపీలు తీసేశాకే కొత్తవి ఎక్కించండి, లేకపోతే యాప్ పాత సమాచారమే పట్టుకుని కూర్చుంటుంది.

---

నోటీసు_బోర్డు:

నాలుగో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి.

ఆస్ట్రేలియాలో బహిరంగ స్థలంలో ఫొటో తీయడం, అందులో దారినపోయేవాళ్లు పడటం మామూలుగా తప్పు కాదు. భవనాలకి, బయట శాశ్వతంగా నిలిపిన శిల్పాలకి అక్కడి 1968 కాపీరైట్ చట్టం 65, 66 సెక్షన్లలో మినహాయింపు ఇచ్చింది, వాటి ఫొటోలు నిశ్చింతగా పెట్టుకోండి. గోడ బొమ్మలు ఆ మినహాయింపులో లేవు. హోసియర్ లేన్ బొమ్మ మీద హక్కు గీసిన కళాకారుడిదే. మీ పేజీలో మనిషి నిలబడి వెనక గోడ కనిపించే ఫొటో పెడితే ఎవరూ వెంటపడరు. కానీ గోడ బొమ్మ ఒక్కటే నిండుగా ఉన్న ఫొటోని వికీమీడియా కామన్స్‌లో స్వేచ్ఛా లైసెన్సు కింద ఎక్కిస్తే తీసేస్తారు, ఎందుకంటే ఇవ్వడానికి ఆ హక్కు మీ దగ్గర లేదు. స్టాక్ ఫొటో సైట్లలో అమ్మకానికి పెట్టడం అంతకంటే పెద్ద తప్పు. సిడ్నీలో ది రాక్స్, డార్లింగ్ హార్బర్ లాంటి చోట్ల వ్యాపారం కోసం తీసే ఫొటోలకి అనుమతి కావాలి. ఇంట్లోవాళ్ల కోసం తీసుకున్నవాటికి అక్కర్లేదు.

బీచ్ ఫొటోల్లో చట్టం కంటే మర్యాద ముఖ్యం. ముందు వరసలో ఎవరి పిల్లలో గుర్తుపట్టేలా ఉంటే ఆ ఫొటో ఇంటికే ఉంచండి. పాతికలో అది లేకపోతే ఏం పోదు.

చోటు సమాచారం తీసేసి పెట్టండి. ఆపెరా హౌస్ ఎక్కడుందో లోకానికి తెలుసు, దాంతో నష్టం లేదు. బంధువుల ఇంటి పెరట్లో, గదిలో తీసినవి వాళ్ల ఇంటి తలుపు దాకా దారి చూపిస్తాయి. ఐఫోన్‌లో షేర్ నొక్కాక పైన ఆప్షన్స్‌లో లొకేషన్ ఆపొచ్చు. గూగుల్ ఫొటోస్ ఆల్బమ్ సెట్టింగ్స్‌లో చోటు పంచుకునే మీట విడిగా ఉంది. లింకు ఉన్న ఎవరైనా ఆల్బమ్ చూడగలరు, వాట్సాప్ గ్రూపులో పెట్టిన లింకు ఎక్కడిదాకా పోతుందో మన చేతిలో ఉండదు.

బోర్డింగ్ పాస్, బ్యాగు ట్యాగు ఉన్న ఫొటోలు మాత్రం ఎక్కడా వద్దు, ప్రయాణం అయిపోయినా వద్దు. 2020 మార్చిలో ఆస్ట్రేలియా మాజీ ప్రధాని టోనీ అబాట్ ఇన్‌స్టాగ్రామ్‌లో తన బోర్డింగ్ పాస్ ఫొటో పెట్టారు. దాని మీది బుకింగ్ నంబరుతో ఎయిర్‌లైన్ సైట్లోకి వెళ్లి, ఆయన పాస్‌పోర్టు నంబరు, ఫోన్ నంబరు దాకా చూడగలిగాడు ఒకతను. పైన పేరు చెరిపి బార్‌కోడు వదిలేస్తే ఏం లాభం లేదు, బార్‌కోడులో అన్నీ ఉంటాయి.

సైజు: ఫేస్‌బుక్‌కి పొడుగు వైపు 2048 పిక్సెల్స్, ఇన్‌స్టాగ్రామ్‌కి వెడల్పు 1080, జేపెగ్ క్వాలిటీ 80 నుంచి 85. మీరే కుదించి పెడితే వాళ్ల కుదింపు తక్కువ పాడుచేస్తుంది. ఫ్లికర్ ఉచిత ఖాతాలో 1,000 దాకా పెట్టొచ్చు, కానీ అందరికీ కనపడనివి 50 మించకూడదు, కాబట్టి ఇంటి ఫొటోలకి అది కాదు.

---

యర్రా_గట్టు:

శీర్షికలు రాసేటప్పుడు వంతెనలు చూసుకోండి, తెలుగు పేజీల్లో ఎక్కువగా తారుమారయ్యేవి అవే. సిడ్నీ హార్బర్ బ్రిడ్జి విల్లులా ఒంపు తిరిగి, రెండు కొసలా రెండేసి రాతి స్తంభాలతో ఉంటుంది, 1932లో తెరిచారు. బ్రిస్బేన్ స్టోరీ బ్రిడ్జి కూడా ఉక్కుదే, 1940ది, కానీ అది విల్లు కాదు. రెండు చోట్ల ఎత్తుగా లేచి మధ్యలో దిగుతుంది. సిడ్నీలో తీగలతో వేలాడేది కనిపిస్తే అది ఆన్‌జాక్ బ్రిడ్జి. పేర్లు బ్రిస్బేన్, మెల్‌బోర్న్ అని మన పత్రికల్లో వచ్చినట్టే రాయండి. అక్కడివాళ్లు బ్రిజ్‌బన్, మెల్బన్ అంటారు గానీ గుంటూరులో అలా రాస్తే ఇంకో ఊరనుకుంటారు.